పార్టీ నీళ్ళు తాగిన పడవ

నాకు ఈత రాదు. చేప తినను, చేపను పట్టుకోవాలన్నా చేతికి గుడ్డ చుట్టుకుంటాను. ప్రొద్దుటూరులో మా నాయన కిరాణా అంగట్లో బెల్లం గంపల మధ్య పెరిగిన నేను చేపల శాఖలో ఫీల్డుమన్‌గా చేరి, ఆ శాఖలోనే రిటైరయ్యాను. ఎట్లా చేరావని అడగకండి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి వాళ్ళు ఒక కాగితం పంపారు. మా నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గవర్నమెంటు సరుకు, ఊరికే వస్తాంది, వద్దనకూడదురా" అన్నాడు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. "సార్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏది?" అని అడుగుతారు. నీతి, నిజాయితీ, అవార్డు, అట్లాంటిదేదో వస్తుందని చూస్తారు. నాయనా, నేను చేసిన పెద్ద పని ఒకటే. ఒక ఎనుము నోటికాడి కూడు తీసి పడవ చేశాను.

అప్పుడు నాది జమ్మలమడుగులో పోస్టింగు. కాపురం ప్రొద్దుటూరులోనే, రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. పెన్నమ్మ మీద కట్టిన మైలవరం జలాశయంలో ఏటా చేపపిల్లల్ని వదలడం మా పని. అవి పెరిగితేనే అక్కడి బెస్త కుటుంబాలకు మరుసటేడు వేట. వదలడమంటే నడినీళ్ళలోకి పోయి వదలాలి. ఏ గట్టు దగ్గర వదిలితే చేపలు ఆ గట్టువాళ్ళవి అనే లెక్క ఒకటి అక్కడ నడుస్తుండేది. నడినీళ్ళలోకి పోవాలంటే పెద్ద పడవ కావాలి. బెస్తవాళ్ళవి గుండ్రటి పుట్టీలు, ఇద్దరెక్కితే మూడోవాడు ఒడ్డునే ఉండాలి. పెద్ద పడవలు ఇద్దరికే ఉండేవి. ఇటు గట్టు మీద పల్లెకు పెద్ద ఒకాయన, తెల్లటి బుంగమీసాల మనిషి. అటు గట్టున ఇంకొకాయన, నల్లకళ్ళద్దాల మనిషి. వరుసకు మేనమామా మేనల్లుళ్ళు. చెరొక పార్టీ. మాటల్లేక ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తు లేదు.

అంతకు ముందటేడు మా ఇన్‌స్పెక్టరు మీసాలాయన పడవ అద్దెకు తీసుకున్నాడు. తిరిగి ఒడ్డుకు చేరేసరికి గట్టు మీద బాంబు పేలింది. బాంబంటే ఆ రోజుల్లో మా వైపు ఒక రకమైన అభిప్రాయభేదం. ఎవరికీ ఏమీ కాలేదు గాని జీపు అద్దం పోయింది, ఇన్‌స్పెక్టరు గారి ధైర్యం పోయింది. ఆయనది కోస్తా. అద్దం మరుసటి వారమే వేయించారు.

"ఏవయ్యా, ఈసారి శాఖకంటూ సొంత పడవ ఉంటే సరి. లేదా, చేపపిల్లల లారీ పంపొద్దని రాసేస్తాను. నా తలకాయ ఇంకా పెళ్ళి కాని కూతుళ్ళున్న తలకాయ" అన్నారాయన.

లారీ రాకపోతే బెస్తవాళ్ళు ఏడాదంతా ఖాళీ వలలు లాగాలి. ఆ సంగతి నాకు తెలుసు. అంతకంటే బాగా, నా ఉద్యోగం ఖాయం చేసే ఫైలు ఆయన బల్ల మీద ఉందని తెలుసు.

"నేను తెస్తా సార్ పడవ" అన్నాను.

"నువ్వా? పడవ గురించి నీకేం తెలుసయ్యా?"

"పడవ గురించి తెలీదు సార్. బేరం గురించి తెలుసు."

పులివెందుల బస్టాండు హోటల్లో దోసె తింటుంటే పక్క బల్ల మీది మనిషి చెప్పాడు, తొండూరు దగ్గర ఒక రైతు దొడ్లో పడవ ఉందని. నీళ్ళ కోసం బోరు మీద బోరు వేసే తొండూరులో పడవా అని నవ్వాను. పోయి చూస్తే నిజమే. మైలవరంలో ఒకప్పుడు వేటకు తిరిగిన నాటుపడవ. వేలంలో ఒకరు కొని, అప్పు కింద ఇంకొకరికి ఇచ్చి, చేతులు మారి మారి అక్కడ తేలింది. దాన్ని గాటిపాడుగా మార్చి, గొడ్లకు అందులో మేత వేస్తున్నారు. నేను పోయేసరికి ఒక ఎనుము పడవలో తల పెట్టి, కుడితిలో తడిసిన సజ్జ చొప్ప నములుతోంది.

మా నాయన నేర్పిన సూత్రం ఒకటుంది. కొనదలచిన సరుకు వైపు చూడగూడదు. అందుకని ఎనుమును చూశాను.

"మామా, ఎనుము బాగుంది. ఈతకు ఎన్ని నెలలు?"

"ఎనుము అమ్మేది కాదప్పా."

"అమ్మేది కాదంటే రేటు చెప్పేది కాదనా?"

అరగంట సేపు ఎనుమును బేరం చేశాను. పళ్ళు చూశాను, కొమ్ములు చూశాను, తోకకు వంక పెట్టాను. రైతుకు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, తర్వాత మజ్జిగ వచ్చింది. చివరికి నేను నిట్టూర్చి, "సరేలే మామా, ఎనుము నాకు రాసిపెట్టి లేదు. ఇంత దూరం వచ్చినందుకు ఈ పాత చెక్కన్నా ఇయ్యి, పోతా" అన్నాను.

ఇంట్లోంచి ఆయన భార్య మాట వినిపించింది. "ఓయప్పా, నేను ఇందాకట్నుంచీ చూస్తాండా. నీ కండ్లు ఎనుము మీద ఉండాయి, నీ చెయ్యి మాత్రం చెక్క మీద ఉండాది. తడమడం ఆపు."

చూసుకుంటే నిజంగానే నా కుడిచెయ్యి పడవ అంచును నిమురుతోంది. అంగడి పరువంతా అక్కడే పోయింది.

బేరం ఆమె చేతిలోకి పోయింది. సిమెంటుతో కొత్త తొట్టి కట్టించాలి. దాని మీద నీడకు రేకు వేయించాలి. ఎనుము అందులో కడుపునిండా మేసిన తర్వాతే పడవ కదలాలి. ఒప్పుకోక ఏం చేస్తాను? తొట్టి కట్టించాను. ఎనుము దాన్ని వాసన చూసి, నా వైపు చూసి, మళ్ళీ పోయి పడవలో తల పెట్టింది. శనక్కాయ చెక్క నానబెట్టి పోశాను, తవుడు పోశాను, బెల్లం ముక్క చేత్తో చూపించాను. బెల్లం మాత్రం తినింది. సెలవు పెట్టి మరీ తొండూరు పోయి ఒక ఎనుమును బతిమాలిన ఉద్యోగి మా శాఖలో నేనొక్కణ్ణే. దానికి దయ కలిగిన రోజు పడవను ఎడ్లబండి మీద ఎక్కించి రోడ్డు దాకా, అక్కడినుంచి లారీలో ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరుకు తెచ్చాను.

జమ్మలమడుగులో పెట్టుకోవచ్చు కదా అంటారేమో. అక్కడ ఎవరి దొడ్లో పెట్టినా ఆ దొడ్డి ఒక పక్షంది. ప్రొద్దుటూరులో మా వీధి మాత్రం ఇద్దరికీ ఓటు వేస్తానని చెప్పే వీధి. పడవ మా ఇంటి ముందర, వీధి సగం ఆక్రమించి కూర్చుంది.

నా భార్య గడప దాటి రాలేదు. లోపల్నుంచే అడిగింది. "చేపల ఉద్యోగం అంటే కండ్లు మూసుకుంటి. ఇప్పుడు చేపల పడవను వాకిట్లోకి తెస్తివి. రేపు చేపలు తెచ్చి దేవునింట్లో పెడ్తావా?"

"ఇది చేపల పడవ కాదే. ఇన్నేండ్లూ ఎనుము మేసింది దీంట్లో. శుద్ధ శాకాహారి."

పక్కింటి మిషన్ స్కూలు టీచరమ్మ గేటు మీద మోచేతులు ఆనించి నవ్వింది. "మా బైబిలు వాక్యంలో కూడా ఒకాయన ఎండలో ఓడ కట్టినాడు సామీ. ఊరంతా నవ్వింది. కాకపోతే ఆయనకు వాన వస్తాదని పైనుంచి మాట వచ్చింది. నీకేమొచ్చింది?"

"మెమో వచ్చిందమ్మా."

మా ఊళ్ళో పడవ పని తెలిసినవాడు లేడు. లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు, సాయిబు, చేతి పనిమంతుడు. ఆయన పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏముంది సార్, లారీకి చక్రాలుంటాయి, దీనికి లేవు. ఫరక్ అంతే" అన్నాడు. ఆ ధైర్యం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇద్దరం కలిసి ఎండిన పేడ గీకాం, కుళ్ళిన పలకలు రెండు మార్చాం, కొత్త మేకులు కొట్టాం. అలవాటు కొద్దీ ఆయన వెనక వైపు గొలుసు కొక్కేలు కూడా బిగించి, నంబర్ ప్లేటు ఎక్కడ పెట్టాలని అడిగాడు.

ఆ తర్వాత ఇద్దరం కలిసి, నీళ్ళు లేని ఊళ్ళో పుట్టినవాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఒకటి చేశాం. "తేమ ఉంటే రంగు పట్టదు సార్, బాగా ఎండనిద్దాం" అన్నాడాయన. నాకూ సబబుగా తోచింది. మా అంగట్లో కందిపప్పయినా మిరపకాయయినా ఎంత ఎండితే అంత మేలైన సరుకు. మే నెల ప్రొద్దుటూరు ఎండలో పడవను బోర్లించి ఒక పక్క, వెల్లకిలా వేసి ఒక పక్క, అప్పడం ఎండబెట్టినట్టు ఎండబెట్టాం. తడి మేతతో ఇన్నేళ్ళూ ఉబ్బి ఒకదానికొకటి అతుక్కున్న పలకలు ముడుచుకుపోయాయి. వాటి మధ్య సందుల్లోంచి చూస్తే అవతలింటి వాళ్ళు ఏం వండుతున్నారో తెలిసేది. మేస్త్రీ లారీ లప్పం తెచ్చి సందులన్నీ మెత్తి, అడుగున తారు పూశాడు.

పైన రంగు వేద్దామంటే అదొక రామాయణం. మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఏ రంగు డబ్బా తెరిచినా వీధిలో ఎవరో ఒకరు వచ్చి నిలబడేవారు. "ఏందన్నా, ఆ పార్టీలో చేరినావంట?" ఒక రంగు వీళ్ళది, ఇంకొకటి వాళ్ళది. లారీలకు ముందు పూసే ఎర్రరంగు పూద్దామంటే, "యూనియన్లో ఎప్పుడు చేరితివి?" అన్నారు. విసిగిపోయి పైన కూడా తారే పూయించాను. ఎన్నికల్లో నల్లరంగు ఎవరూ అడగలేదు.

చేపపిల్లల లారీ వచ్చే రోజు దగ్గరపడింది. పడవ కారుతుందో లేదో చూడాలి. ఎక్కడ చూస్తాం? పెన్నలో ఇసుక తప్ప నీళ్ళు లేవు. నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. అంగట్లో నూనె డబ్బా కారుతుందా లేదా అన్నది నీళ్ళు పోసి చూస్తాం. లోపలి నీళ్ళు బయటికి పోకపోతే బయటి నీళ్ళు లోపలికి రావు. పడవ అంటే పెద్ద డబ్బా. అంతే కదా?

ఆ పూట ఎన్నికల ట్యాంకరు వచ్చింది. ఆ ఎండాకాలం కుళాయిలు దగ్గుతున్నాయి, నీళ్ళు రావడం లేదు. రెండు పార్టీలూ వీధివీధికీ ట్యాంకర్లు తిప్పుతున్నాయి. మా వీధికి వచ్చే రెండు ట్యాంకర్లలో ఒకటి మీసాలాయన పార్టీది, రెండోది కళ్ళద్దాలాయన పార్టీది. మొదట వచ్చింది మీసాలాయనది. పైపు పట్టుకున్న కార్యకర్తతో, "అబ్బీ, మా ఇంటికి వేరే వద్దు. ఇందులోకి ఒదులు" అని పడవ చూపించాను.

వదిలాడు. లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పడవకు నాలుగు వైపులా ధారలు కట్టాయి. నా ఉద్యోగం వీధి కాలువ వైపు పారుతోంది. అప్పుడు వీధి ఆడవాళ్ళు చేసిన పని నేను జన్మలో మర్చిపోలేను. ట్యాంకరు దగ్గర బారులో నిలబడ్డవాళ్ళంతా బారు వదిలి, బిందెలు తీసుకుని పడవ చుట్టూ చేరారు. ఒక్కో సందు కింద ఒక్కో బిందె. తోపులాట లేదు, తిట్లు లేవు. ట్యాంకరుకు ఒకటే పైపు, పడవకు చుట్టూ ధారలే.

"ఇదే బాగుండాది సామీ" అంది టీచరమ్మ, చెంబు నింపుకుంటూ. "రోజూ ఇట్లే పోయించు."

"కారకూడదమ్మా అది."

"ఎందుకు కారకూడదు? కారితేనే కదా నీళ్ళు!"

సాయంత్రానికి రెండో ట్యాంకరు వచ్చింది. మీసాలాయన నీళ్ళతో వీధంతా నిండిందని అప్పటికే కబురు పోయింది. కళ్ళద్దాలాయన కార్యకర్త పడవ దగ్గరికి వచ్చి కోపంగా నిలబడ్డాడు. "యాడ పోయించుకున్నారు వాళ్ళ నీళ్ళు? దీంట్లోనా? తప్పుకోండి." అంచుల దాకా నింపి పోయాడు. మరుసటి రోజు పొద్దున్నే మొదటివాళ్ళు వచ్చి, అంచు దాటి పొర్లేదాకా పోశారు. ఎన్నికలయ్యేదాకా ఆ పడవ ఖాళీగా ఉన్న పూట లేదు. నేను చేసిందల్లా ఒక ట్యాంకరు వాళ్ళకు రెండోవాళ్ళు ఎంత పోశారో కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే.

ఒకరోజు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వచ్చి, కాసేపు నిలబడి, నన్ను తిట్టారు. పడవ కారడం మానేసింది. తాగి తాగి పలకలు ఉబ్బి, సందులన్నీ తమంతట తామే మూసుకున్నాయి. మేస్త్రీ చెయ్యి పెట్టి తడిమి చూసి, "సార్, లప్పం దండగ. దీనికి కావాల్సింది ఎన్నికలే" అన్నాడు. నేను వీధిలో గెంతాను. నా పెళ్ళికి కూడా అంత గెంతలేదని నా భార్య గడప లోపల్నుంచి అంది.

తడిగోనె సంచులు కప్పి పడవను మైలవరం చేర్చాం. చేపపిల్లల లారీ అప్పటికే వచ్చి ఉంది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు మెరుస్తున్నాయి. ఎండ ముదిరేలోపు నీళ్ళలో వదలకపోతే అన్నీ తేలిపోతాయి. ఇన్‌స్పెక్టరు గారు జీపును గట్టుకు బాగా దూరంగా పెట్టించి, చెట్టు చాటున నిలబడ్డారు.

గట్టు మీద ఇటు పక్క మీసాలాయన, వెనక మనుషులు. అటు పక్క కళ్ళద్దాలాయన, వెనక మనుషులు. లుంగీల మడతల్లో ఏమున్నాయో అడిగేవాడు లేడు.

"మా నీళ్ళు తాగిన పడవ అది. మా మనుషులే ఎక్కాల" అన్నాడు మీసాలాయన నాతో, అటువైపు చూడకుండా.

"ముందు పోసింది వాళ్ళే గాని, జాస్తి పోసింది మేం. మావోళ్ళే ఎక్కుతారు" అన్నాడు కళ్ళద్దాలాయన, ఆయనా నాతోనే.

శాఖకు సొంత పడవ, ఎవరికీ చెందని పడవ తెస్తానన్నాను. తెచ్చింది ఇద్దరికీ చెందిన పడవ. సంచుల్లో పిల్లలు మెల్లగా పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నాకు భయంతో నవ్వు వచ్చింది. భయమేస్తే నాకు నవ్వూ, బేరమూ కలిసి వస్తాయి.

"పెద్దాయనలూ, ఒక్క మాట. ఇది లారీ కాదు, పడవ. ఒక పక్కే బరువు పడితే బోర్లా పడతాది. ఇటు గట్టువాళ్ళే ఎక్కితే మునుగుతారు. అటు గట్టువాళ్ళే ఎక్కినా మునుగుతారు. ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు, సరిసమానంగా కూర్చుంటేనే తేలేది. మీకు ఈత వస్తాదా?"

ఇద్దరూ నీళ్ళ వైపు చూశారు. వాళ్ళ వెనక మనుషులు నేల చూశారు. కరువు సీమలో ఈత ఎవరు నేర్చుకుంటారు?

తెడ్డు పట్టుకున్న బెస్త ముసలాయన నా వైపు చూశాడు. ఒక పక్షం వాళ్ళను రెండు పక్కలా కూర్చోబెట్టినా పడవ హాయిగా తేలుతుందని ఆయనకు తెలుసు. ఆ మాట అనకుండా, గంభీరంగా తల ఊపి, "శానా ప్రమాదం" అన్నాడు. ఆ మనిషికి ఈ జన్మలో నా దండం.

"నా మనుషులను వాళ్ళకెదురుగా కూర్చోబెట్టి నేను గట్టు మీద ఉంటానా? నేనే ఎక్కుతా" అన్నాడు మీసాలాయన. ఆయన ఎక్కితే ఈయన ఆగుతాడా? చెరొక ఇద్దరు మనుషులతో చెరొక వైపు కూర్చున్నారు, మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేటట్టు. ఒక్కొక్కరి ఒడిలో ఒక్కో సంచి పెట్టాను, బాలింత ఒడిలో బిడ్డను పెట్టినట్టు. ఎన్ని కేసులున్న చేతులో, ఆ సంచులను పొదివి పట్టుకున్నాయి. మిగతా సంచులు మధ్యలో పేర్చి, నేను వాటి మధ్య కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

నడినీళ్ళకు చేరాం. సంచులు విప్పి వెంటనే పోయకూడదు. సంచి వేడి వేరు, జలాశయం వేడి వేరు, పిల్లలు తట్టుకోలేవు. మూతి కట్టిన సంచులను కొంతసేపు నీళ్ళలో తేలనివ్వాలి. అంతసేపూ అందరూ అట్లా ఎదురెదురుగా, కదలకుండా, అంచు బయటికి చేతులు చాపి సంచులు పట్టుకుని కూర్చోవాలి.

గాలి వీచింది. పడవ ఒక పక్కకు వాలింది. కళ్ళద్దాలాయన అద్దాలు జారి నీళ్ళలో పడ్డాయి.

"మామా!" అని అరిచాడు, ఎదురుగా ఉన్న చేతిని పట్టుకుని.

"గట్టిగా పట్టుకోరా! కదలాకు! ఆ పక్కకు ఒరగాకురా నాయనా!" అన్నాడు మీసాలాయన, రెండో చేత్తో సంచి వదలకుండా.

పడవ నిలబడింది. ఎవరి చేతులు వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. తర్వాత మీసాలాయన గొంతు సవరించుకుని, ఈసారి నాతో కాకుండా, "అద్దాలు పోయినాయా?" అన్నాడు.

"పోనీలే."

"అవి లేకుంటే నీ మొగం మీ నాయన మొగం మాదిరే ఉండాది."

"అందుకే పెట్టుకుంటా."

బెస్త ముసలాయన సైగ చేశాడు. ఒకేసారి మూతులు విప్పాం. పిల్లలు సంచుల్లోంచి జారి, ఒక్క క్షణం మెరిసి, కిందికి పోయాయి. ఏ గట్టు వైపు పోయాయో ఎవరూ చూడలేకపోయారు. నేను పెద్దగా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని ఎవరూ అడగలేదు, వాళ్ళూ నవ్వుతున్నారు. ఒడ్డుకు వచ్చాక మళ్ళీ ఎవరి జీపులు వాళ్ళవి, ఎవరి దుమ్ము వాళ్ళది. ఇన్‌స్పెక్టరు గారు చెట్టు చాటునుంచి వచ్చి నన్ను కౌగిలించుకోబోయి, నా చొక్కాకున్న తారు చూసి ఆగిపోయారు. నా ఫైలు ఆ వారంలోనే కదిలింది.

వాళ్ళు కలిసిపోయారని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఆ తర్వాత రెండు పంచాయతీలు, కోర్టు వాయిదాలు, తలలు పగలడాలు జరిగాయి. ఒక్కటి మాత్రం చెప్తాను. మరుసటేడు చేపపిల్లల లారీ వచ్చింది. మీసాలాయన పొద్దున్నే మనుషులతో గట్టు మీదికి వచ్చి, పడవ పక్కన నిలబడ్డాడు. ఎక్కలేదు. ఎండ ముదురుతోంది, నాకు చెమటలు పడుతున్నాయి.

"ఎక్కండి పెద్దాయనా, పిల్లలు చస్తాయి."

ఆయన గట్టు అవతలికి చూస్తూ ఉన్నాడు. కాసేపటికి ఓపిక నశించి తన డ్రైవరు మీద అరిచాడు.

"జీపు తీసుకునిపోయి ఆ నా కొడుకును బిన్నా ఎక్కించుకునిరా పోరా, తడవు చేయాకు! వాడు రాకుండా నేనెట్ల ఎక్కేది? మునిగి చావాల్నా?"